బోరు మూత

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, లీస్‌బర్గ్‌కు ఉత్తరాన లకెట్స్ దగ్గర పాత ఇల్లు కొన్నప్పుడు, పెరట్లో సొంత బోరు ఉంది కనుక ఇక నీటి బిల్లు కట్టనక్కర్లేదని సంతోషించాను. బిల్లు పంపేవారు లేరంటే ఆ నీటిని పరీక్షించేవారూ లేరని అప్పుడు తట్టలేదు. 1974 నాటి అమెరికా తాగునీటి భద్రతా చట్టం ఇళ్ళలోని సొంత బోర్లకు వర్తించదు. వాటి బాధ్యత యజమానిదే.

మే నెలలో వారం పాటు వానలు కురిసిన తరువాత నాకు కడుపు ఉబ్బరం, కుళ్ళిన గుడ్ల వాసనతో తేన్పులు, జిడ్డుగా తేలే విరేచనాలు మొదలయ్యాయి. జ్వరం లేదు కదా అని మజ్జిగన్నంతో పథ్యం చేస్తే ఉబ్బరం ఇంకా పెరిగింది. మూడు వారాల్లో ఐదు కిలోలు తగ్గి, బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాక గాని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడివని. మల పరీక్షలో జియార్డియా అనే పరాన్నజీవి బయటపడింది. టినిడజోల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు ఒకేసారి మింగితే, రెండు రోజులు నోట్లో ఇనుము నాకినట్టుంది.

మా ఆవిడకు ఏమీ కాలేదు. పుట్టింటి అలవాటు కొద్దీ ఆమె జీలకర్ర వేసి కాచిన నీళ్ళే తాగేది. అమెరికాలో కూడా ఇదేం చాదస్తమని నేను వెక్కిరించేవాణ్ణి.

నీటి పరీక్షలో నైట్రేట్ లీటరుకు 10 మిల్లీగ్రాముల పరిమితికి లోపే ఉంది గాని, నీటిలోకి మురికి చేరిందనడానికి గుర్తయిన కోలిఫామ్, ఈ. కోలి అనే బ్యాక్టీరియా రెండూ ఉన్నాయి. బోరు బాగుచేసే పెద్దమనిషి మూత విప్పి చూపించాడు: ఒక బోల్టు లేదు, రబ్బరు వలయం ఎండి పగిలింది, గొట్టం లోపలి అంచున సాలెగూళ్ళు, చచ్చిన పురుగులు. చుట్టూ నేల గొట్టం వైపే వాలి ఉంది. పైగా ఇక్కడి అడుగు సున్నపురాయి. పగుళ్ళ గుండా వాన నీరు మట్టిలో వడకట్టబడకుండానే లోతుకు చేరిపోతుంది. మూత మార్చి, నేల ఎత్తు చేసి, బోరులో క్లోరిన్ పోయించాను. అయితే క్లోరిన్‌కు జియార్డియా అంత తేలిగ్గా చావదు కనుక, సన్నటి వడపోతతో పాటు క్రిములను అణిచే అతినీలలోహిత (UV) దీపం కూడా పెట్టించవలసి వచ్చింది. అది అమరేదాకా ప్రతి చుక్కనూ ఒక నిమిషం తెర్లనిచ్చి తాగాము.

మందు పరాన్నజీవిని చంపింది గాని, పాలను అరిగించే శక్తి పేగులకు వెంటనే తిరిగి రాలేదు. రెండు నెలలు నల్ల కాఫీతో సరిపెట్టుకున్నాను. ఆగస్టులో ఒక ఆదివారం అర గ్లాసు పాల కాఫీ తాగి, సాయంత్రం దాకా కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు. మరునాడు గ్లాసు నిండా పోయించుకున్నాను.