మేక యాంటీబాడీ, కందుకూరు అమ్మాయి రక్తం

నెల్లూరులో ల్యాబ్ పని నాకు పదకొండేళ్లుగా అలవాటు. అయినా మొన్న కందుకూరు నుంచి బస్సులో వచ్చిన డబ్బా తెరిచి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఐసు మొత్తం కరిగి, ట్యూబు గోరువెచ్చగా ఉంది. లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బు, ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్ల రక్తం అది. సీ3, సీ4 చూడాలి.

ఇవి కాంప్లిమెంట్ ప్రోటీన్లు, రక్తంలో కాపలా కాసేవి. క్రిమికి యాంటీబాడీ అతుక్కోగానే ఒకదాన్నొకటి లేపుకుంటూ దాని మీద పడతాయి. లూపస్ ముదిరితే ఒంట్లోనే ఖర్చయిపోయి తగ్గుతాయి, అప్పుడు కిడ్నీకి దెబ్బ తగులుతోందేమోనని చూడాలి. వేడిలో నిలవుంటే ట్యూబులోనే విరిగిపోతాయి. 56 డిగ్రీల్లో అరగంట ఉంచితే కాంప్లిమెంట్ పనే ఆగిపోతుంది.

కొలవడానికి మా కిట్‌లో ఉన్నది మేకలో తయారైన యాంటీబాడీ. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, పడగానే సీ3ని పట్టుకుని గుంపులు కడుతుంది, పల్చటి గంజిలా మసకేస్తుంది. ఆ మసకనే మిషన్ చదువుతుంది. ఎక్కడో ఒక మేక ఒంట్లో పుట్టింది ఇక్కడ మన పిల్ల కిడ్నీ సంగతి చెబుతోందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కరిగిన ఐసులో వచ్చిన ఆ సాంపిల్ నేను మిషన్‌లో పెట్టలేదు. "అమ్మా, ఇంకోసారి రావాలి, ఇక్కడే తీస్తాను" అని వాళ్లమ్మకు ఫోన్ చేశాను. మర్నాడు తొలి బస్సుకే వచ్చేశారు. సీ3 42 వచ్చింది, మా దగ్గర కనీసం 90 ఉండాలి. రిపోర్టు ప్రింటు కాకముందే డాక్టరు గారికి ఫోన్ కొట్టాను.