ఏ ఆలస్యాన్ని భరించాలి, దేన్ని భరించకూడదు

రక్తసంబంధం లేని కొన్ని కుటుంబాలు, ఒంటరిగా ఉండే మరికొందరు ఒక పల్లెలో కలిసి బతకాలని మొదలుపెట్టిన చిన్న ప్రాజెక్టు మాది. దాన్ని నడిపే బాధ్యత నా మీద ఉంది. గదులు ఎవరివి వాళ్లవే. వంటిల్లు, బావి, తోట, పనిముట్ల కొట్టం మాత్రం అందరివీ. "అక్కడికి వెళ్లాక నీకు భలే ఓపిక వచ్చిందే" అంటారు పాత స్నేహితులు. నాకైతే అలా అనిపించదు. మీటింగ్ సాగుతున్నకొద్దీ కాలు ఊపడం ఇప్పటికీ మానలేదు. తెలిసొచ్చిందల్లా ఒకటే: కొన్ని ఆలస్యాల్లో పని జరుగుతూ ఉంటుంది, కొన్నింటిలో జరగదు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

ఈ తేడా నాకు మనుషులకంటే ముందు గోడలు నేర్పాయి. మట్టి గోడలకి సున్నపు గార పూయిస్తున్నప్పుడు, ఎండ బాగా కాస్తే పని త్వరగా అయిపోతుందని నేను లెక్కలు వేసుకుంటున్నాను. మేస్త్రీ ఏమో తడిపిన గోనెపట్టాలు తెప్పించి గోడలకి కప్పించాడు. ఆరాల్సినదాన్ని తడపడమేమిటని అడిగితే, "ఆరడం వేరు, గట్టిపడటం వేరు" అన్నాడు. తర్వాత చదివి తెలుసుకున్నాను. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ సున్నపురాయిలా మారుతుంది. అందుకు కాస్త చెమ్మ ఉండాలి. ఎండకి గబగబా ఆరిపోతే గార బీటలు తీస్తుంది, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. పైన గట్టిగా కనిపించినా లోపలిదాకా ఆ మార్పు జరగడానికి నెలలు పడుతుంది.

ఎరువు కుప్పది ఇంకో తీరు. ఎండుటాకులు, గడ్డి లాంటివాటిలో కార్బన్ ఎక్కువ. పేడ, పచ్చి చెత్తలో నైట్రోజన్ ఎక్కువ. మొత్తం మీద కార్బన్ 30 పాళ్లకి నైట్రోజన్ 1 పాలు దగ్గరగా ఉండేలా పేరిస్తే, కొద్ది రోజుల్లోనే కుప్ప నడుమ వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. "దాని మానాన దాన్ని వదిలెయ్యండి, అదే మాగుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు. వదిలేస్తే గాలాడక కంపు కొడుతుంది. తిరగెయ్యాలి, తేమ చూడాలి, మళ్లీ ఆగాలి. మా దగ్గర తిరగేసే పనికి వంతులున్నాయి. ఎవరి వంతు వచ్చినా ఆ రోజు వాళ్లకి నడుం నొప్పి కూడా వస్తుంది.

ఇక మీటింగులు. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అని మొదట్లో అనుకున్నాం. వినడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం, పొద్దుపోయేదాకా కూర్చోగలిగినవాళ్ల మాటే నెగ్గుతుంది. అలసిపోయినవాళ్లు "సరే కానివ్వండి" అనేస్తారు. ఆ "సరే" మర్నాడు పనిలోకి దిగేసరికి మాయమవుతుంది. అందుకని సోషియోక్రసీ అనే పద్ధతి నుంచి ఒక ప్రశ్న తెచ్చుకున్నాం. 1970ల్లో నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు తన కుటుంబ కంపెనీలో దీనికి రూపం ఇచ్చాడు. ఇందులో "అందరికీ ఇష్టమేనా?" అని అడగరు. "ఇలా చేస్తే మనం తలపెట్టిన పనికి నష్టమని ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడుగుతారు. ఉంటే కారణం చెప్పాలి, దాన్ని బట్టి ప్రతిపాదన మార్చుకోవాలి. లేకపోతే ప్రస్తుతానికి ఇలా చేసి చూద్దామని, మళ్లీ పరిశీలించడానికి ఒక తేదీ పెట్టుకోవాలి. ఆ తేదీ రాసుకోవడంతోనే సగం టెన్షన్ పోయింది. ఎప్పటికీ ఇంతే అంటే ఎవరైనా పోట్లాడతారు.

దీనితోపాటు, ఏ విషయమైనా ఒక మీటింగ్‌లో మాట్లాడి తర్వాతి మీటింగ్‌లో తేల్చాలన్న నియమం కూడా వచ్చింది. పావుగంటలో తేలే విషయాన్ని వారాలు సాగదియ్యడం నాకు అస్సలు నచ్చలేదు. చుట్టాలు, స్నేహితులు వస్తే ఎన్నాళ్లు ఉండొచ్చు అన్న చర్చ వచ్చినప్పుడు నా అభిప్రాయం మారింది. మొదటి మీటింగ్‌లో అందరూ తలూపారు. రెండు రోజుల తర్వాత మాలో పెద్దావిడ ఒకరు బావి దగ్గర నన్ను ఆపి, "పొద్దున్నే లేచి మోటార్ వేసేదాన్ని నేనే కదమ్మా. వచ్చినవాళ్లు నిద్ర లేచేసరికి ట్యాంకు ఖాళీ. మీటింగ్‌లో అంటే వాళ్ల ఇంటివాళ్లు నొచ్చుకుంటారని ఊరుకున్నాను" అన్నారు. చర్చంతా గదుల గురించి జరిగింది, అసలు ఇబ్బంది నీళ్లది. రోజుల లెక్క పక్కన పెట్టి, అతిథి వచ్చిన ఇంటివాళ్లే మోటార్ చూసుకోవాలని రాసుకున్నాం. ఆ గ్యాప్ లేకపోతే అదెవరికీ తెలిసేది కాదు.

అలాగని అన్నిటికీ ఆగడం మంచిది కాదు. అంట్ల గిన్నెల సంగతే చూడండి. కొందరు రోజూ తోముతున్నారు, కొందరు ఎప్పుడోగానీ సింక్ దగ్గరికి రారు. ఎవరూ నోరు విప్పరు, అందరూ సర్దుకుపోతున్నారు. ఆ సర్దుబాటు పళ్లెం పెట్టే చప్పుడులో వినిపించేది. నా దృష్టిలో అది ఓపిక కాదు, మాట దాచుకోవడం. దానికి అమెరికాలోని ట్విన్ ఓక్స్ పనికొచ్చింది. 1967లో వర్జీనియాలో మొదలైన ఈ సమష్టి నివాసంలో ఏ పని చేసినా గంటకి గంటే లెక్క. వంటైనా, పిల్లల్ని చూడటమైనా, డబ్బు తెచ్చే పనైనా అంతే. మేమూ వంటింటి గోడకి బోర్డు పెట్టి గంటలు రాయడం మొదలుపెట్టాం. గిన్నెలు తోమే గంట, అకౌంట్లు రాసే గంట సమానమేనా అని చాలా వాదన జరిగింది. ఒక కుటుంబానికి ఈ లెక్కలు నచ్చక వెళ్లిపోయారు. ఇప్పటికీ పండగలకి వస్తుంటారు, వచ్చినప్పుడు గిన్నెలు కూడా తోముతారు.

కొత్తగా చేరాలని వచ్చేవాళ్లు మొదట అడిగేది, "మా గది ఎప్పటికి అవుతుంది?" అని. వాళ్లకి డెన్మార్క్ కథ చెప్తాను. యాన్ గుడ్‌మన్ హోయర్ అనే ఆర్కిటెక్ట్ 1964లో స్నేహితులతో కలిసి, ఇళ్లు విడిగా ఉన్నా కొన్ని వసతులు ఉమ్మడిగా ఉండే వాడ గురించి ఆలోచించాడు. స్థలం కొన్నారు. ఇరుగుపొరుగు వ్యతిరేకించడంతో అక్కడ కట్టలేకపోయారు. ఆ తరహా వాడల్లో మొదటిదైన సెట్టెడామెన్‌లో జనం కాపురం పెట్టింది 1972లో. ఇది విని కొందరు మళ్లీ కనిపించరు. మిగిలినవాళ్లని కనీసం కొన్ని వారాలు మాతో ఉండి, వంతులన్నీ చేసి చూడమంటాం. అప్పుడు కూడా కొందరు వెళ్లిపోతారు, అందులో తప్పేం లేదు.

ప్రస్తుతం కుక్కని పెంచాలా వద్దా అన్న విషయం నడుస్తోంది. మొదటి మీటింగ్ అయింది. తిండి ఎవరు పెట్టాలి, కోళ్ల జోలికి వెళ్తే ఏం చెయ్యాలి అన్నవి రెండో మీటింగ్‌కి మిగిలాయి. పిల్లలు మాత్రం అప్పుడే పేరు కూడా పెట్టేశారు.