బెంచీలు ఖాళీ, గట్టు ఫుల్లు

సాయంత్రం నాలుగున్నర. పార్కులో కొత్త గ్రానైట్ బెంచీలు ఆరూ ఖాళీ. జనమంతా కానుగ చెట్టు చుట్టూ ఉన్న గట్టు మీదే!

బెంచీలన్నీ పడమటెండకి ఎదురుగా వేశారు. నల్లరాయి మధ్యాహ్నమంతా కాగి, పొద్దు వాలినా సెగ కక్కుతుంది. వీపు ఆనించడానికేం లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు లేవాలంటే చేతికి పట్టూ లేదు.

గట్టేమో అడుగున్నర ఎత్తు. గుండ్రం కాబట్టి మాట్లాడాలంటే మొహం ఇటు, వద్దంటే అటు. గేటూ, పిల్లల ఉయ్యాలా కనిపిస్తాయి. రచ్చబండలు కట్టినవాళ్ళకి ఇదంతా తెలుసు మరి.

బెంచీ వేసేముందు ఏప్రిల్‌లో ఓసారి, డిసెంబర్‌లో ఓసారి నాలుగింటికొచ్చి, నీడ పడేచోట సుద్దముక్కతో గీత గీస్తే సరిపోయేది.

ఇప్పుడు గట్టు మీద ఎవరూ కూర్చోకుండా ఇనుప మేకులు దిగ్గొడతారట!