చదువు అక్కడ, పండగ ఇక్కడ అంటే ఎట్లా?

వాటర్లూలో మా తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లల వారం రెండు ముక్కలుగా నడుస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా బడి, రోబోటిక్స్ క్లబ్, కోడింగ్ క్లాసు. శని, ఆదివారాలు తెలుగు బడి, అన్నమయ్య కీర్తనలు, కూచిపూడి, ఎవరో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. మొదటి ముక్క కెనడాది, రెండోది ఇండియాది. ఇలా ఉండాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. అయినా పిల్లలు ఊరుకోరు కదా, వాళ్ల లెక్క వాళ్లు తేల్చేసుకుంటారు: పరికరాలు, ప్రయోగాలు, కొత్త విషయాలు ఈ దేశంవి, పూజలు, పిండివంటలు, పాత కథలు అమ్మానాన్నల ఊరివి. మా చిన్నోడికి తిరుపతి అంటే కొండ, లడ్డు, అవ్వ.

లడ్డు మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ ఒక ఊరిని, అందులో నేను పుట్టి పెరిగిన ఊరిని, పిల్లలు మ్యూజియం లాగా చూడటం మాత్రం నాకు నచ్చదు.

2025 ఈ విషయంలో నాకు కలిసొచ్చింది. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటం సైన్స్, టెక్నాలజీ సంవత్సరంగా ప్రకటించింది. 1925లో హైసెన్‌బర్గ్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు పుప్పొడి ఎలర్జీ తట్టుకోలేక చెట్టూచేమా లేని హెల్గోలాండ్ దీవికి పోయి, అక్కడ వేసిన లెక్కలతోనే క్వాంటం సైన్స్, అంటే పరమాణువులూ వెలుగూ ఎలా నడుచుకుంటాయో చెప్పే శాస్త్రం, ఒక రూపానికి వచ్చింది. ఆ లెక్కలకు వందేళ్లు నిండాయన్నమాట. ఫిబ్రవరిలో పారిస్‌లోని యునెస్కోలో ప్రారంభోత్సవం జరిగింది. ఆ తర్వాత ఏ దేశంలో చూసినా ఉపన్యాసాలు, ల్యాబుల ఓపెన్ హౌస్‌లు, బడిపిల్లల వర్క్‌షాపులే. మా పెద్దదానికి అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. ఈ ప్రతిపాదనను జనరల్ అసెంబ్లీ ముందు పెట్టింది జర్మనీ కాదు, అమెరికా కాదు, ఘనా. దాని క్లాసులో ఘనా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. ఆ వారమంతా ఇద్దరూ అదే కబురు.

వాటర్లూలో క్వాంటం అనే మాట తిరుపతిలో దర్శనం కబుర్లంత మామూలు. ఇక్కడి యూనివర్సిటీలో 2002 నుంచి ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్వాంటం కంప్యూటింగ్ ఉంది. ఊరి మధ్యలో పెరిమీటర్ ఇన్‌స్టిట్యూట్ అనే ఫిజిక్స్ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ పబ్లిక్ లెక్చర్ ఉందంటే సీట్లు ఇట్టే అయిపోతాయి. ఇలాంటి చోట్లకు పోయి పోయి, మా అమ్మాయి పోలరైజర్ ఫిల్మ్ (ఒక వాటంలో ఊగే వెలుగునే దాటనిచ్చే పల్చటి పొర) ముక్కలతో, రహస్య సందేశాలకు తాళంచెవుల్లా పనికొచ్చే అంకెలు పంచుకునే ఆట నేర్చుకొచ్చింది. ఇద్దరు కూర్చుని, వెలుగును ఒక్కో వాటంలో తిప్పి పంపించుకుంటారు. మధ్యలో మూడోవాడు దొంగచాటుగా చూస్తే ఆ చూడటం వల్లనే అంకెలు తప్పిపోయి, వాడు దొరికిపోతాడు. ఈ పద్ధతిని బీబీ84 అంటారు. ఐబీఎంలో ఉన్న చార్లెస్ బెనెట్, మాంట్రియల్‌కు చెందిన గిల్ బ్రసార్ 1984లో చెప్పిన పద్ధతి. ఇంటికొచ్చి "అమ్మా, ఇందులో సగం మన కెనడాదే" అంది. మంచిదేనమ్మా అన్నాను. దాని మాటలో 'మన' ఎటు పోతోందో నేను చూసుకుంటూనే ఉన్నాను.

జూలైలో తిరుపతి వెళ్లాం. బైరాగిపట్టెడలో అమ్మ వాళ్లిల్లు. పక్క వీధిలోనే మా మామ ఉంటాడు, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఆదివారం పూట వీధి పిల్లల్ని డాబా మీదికి పిలిచి ఏదో ఒకటి చేయించడం ఆయనకు అలవాటు. మనవరాలు పోలరైజర్ల గురించి చెప్పగానే మర్నాడే టీవీ రిపేరు షాపుకు పోయి, పగిలిపోయిన ఎల్‌సీడీ ప్యానెల్ నుంచి ఊడదీసిన ఫిల్మ్ తెచ్చాడు. అక్కడ అదంతా చెత్తకుప్పలో పోయేదే. జిగురు వదిలించడానికి ఒక పూట పట్టింది. మా అమ్మ వచ్చి చూసి, "ఏంది నాయనా, ఆ అట్టముక్క కంటికి పెట్టుకోని గోడకల్లా చూస్తా ఉండావు?" అని తమ్ముణ్ణి కేకలేసింది.

ఆట ఇది. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను తెల్లగా పెట్టాలి. ఎల్‌సీడీ నుంచి వచ్చే వెలుగు ముందే ఒక వాటానికి వచ్చి ఉంటుంది. దాని ముందు ఒక ఫిల్మ్ పెట్టి మెల్లగా తిప్పితే, ఒకచోట స్క్రీన్ మొత్తం నల్లబడిపోతుంది. ఇప్పుడు స్క్రీన్‌కూ ఆ ఫిల్మ్‌కూ మధ్యలోకి ఇంకో ముక్కను ఏటవాలుగా, 45 డిగ్రీల్లో దూర్చాలి. అడ్డం ఇంకోటి పెరిగింది కాబట్టి ఇంకా చీకటి కావాలి. కానీ ఆ ముక్క ఉన్నంత మేర వెలుగు వచ్చేస్తుంది.

ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ముందుకొచ్చి, "అక్కా, రెండుంటే చీకటైపోయె కదా. మధ్యలో ఇంకోటి పెడితే వెలుగు యాడనుంచి వచ్చె?" అనింది. మా అమ్మాయి వాటర్లూలో ఈ ప్రశ్నకు జవాబు గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఇక్కడ తెలుగులో చెప్పాలి. రెండు చేతులూ పైకెత్తి, తిప్పి, సగం మాటలూ సగం అభినయమూ కలిపి లాక్కొచ్చింది. వెలుగు ఫోటాన్లనే చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ఒక ఫోటాన్ సగం దాటి సగం ఆగిపోవడం ఉండదు. దాటితే మొత్తం దాటుతుంది, లేకుంటే లేదు. ఏటవాలు ఫిల్మ్ దగ్గర దాటే అవకాశం సగం. దాటిన ఫోటాన్ మాత్రం మునుపటి వాటాన్ని వదిలేసి ఏటవాలుగా మారిపోతుంది. అందుకే చివరి ఫిల్మ్ దగ్గర దానికి మళ్లీ సగం అవకాశం దొరుకుతుంది.

అయినా ఆ పిల్ల వదల్లేదు. "అయితే మొత్తం వచ్చిండాదా, కొంచెమే వచ్చిండాదా?"

వాటర్లూలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదట. వెలుగు రాగానే అందరూ చప్పట్లు కొట్టి తర్వాతి టేబుల్‌కు పోయారు. ఇక్కడ ఎవరి ఫోన్లోనో వెలుగు కొలిచే యాప్ వేసి, ల్యాప్‌టాప్ చుట్టూ దుప్పటి కప్పి, పిల్లలంతా అందులో దూరారు. కాగితం మీద నాలుగో వంతు రావాలి, సగంలో సగం. మా డాబా మీద అంతకన్నా తక్కువే వచ్చింది, ఫిల్మ్ మీద గీతలూ జిగురు మరకలూ ఉన్నాయి మరి. మామ ఇంకో మాట కూడా చెప్పాడు, నాకది బాగా నచ్చింది. "ఇంత వెలుగుతో చేస్తే అలల లెక్కతో కూడా ఇదే జవాబొస్తుంది రా. ఒక్కో ఫోటాన్‌ను విడిగా పంపించి చూస్తేనే అలల లెక్క చాలక మనకు క్వాంటం కావాల్సొస్తుంది. చూపించింది ఎంతో అంతవరకే చెప్పాలి." పెద్ద పెద్ద హాళ్లలో జరిగే ప్రదర్శనల్లో కూడా ఈ జాగ్రత్త అన్నిసార్లూ కనిపించదు.

తర్వాత మా అమ్మాయి బీబీ84 ఆట ఆడించింది, కెనడా సంగతి చెప్పింది. మామ కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు: "ఆ పేపరు వాళ్లు సమర్పించింది యాడనుకుంటా ఉండావు? బెంగుళూర్లో. 1984 డిసెంబర్లో, ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం సభలో." మా అమ్మాయి నమ్మలేదు, ఫోన్లో వెతికింది. నిజమే. అందరూ ఉదహరించే ఆ పేపరు బెంగుళూరు సదస్సు సంపుటిలోనే ఉంది. చిత్తూరు మీదుగా మనం బస్సెక్కి పోయే ఊరు. మా ఆయన వాళ్లది చిత్తూరే కాబట్టి పెద్దది ఆ దారిలో ఎప్పటినుంచో తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి మామిడి తోటలు చూడటమే తప్ప ఆ దారి చివర ఇలాంటిదొకటి జరిగిందని దానికి చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మా పెదనాన్న కొడుకు ఒకాయన డాబా ఎక్కి, అంతా చూసి, "ఇదంతా మన ఉపనిషత్తుల్లో ఎప్పుడో ఉంది, తెల్లోళ్లు తీసుకుపోయినారు" అన్నాడు. పిల్లలకు ఊరి మీద గౌరవం కలగాలని ఆయన ఉద్దేశం. మన ప్రవాసుల ఇళ్లలో కూడా ఈ మాట తరచూ వింటాం. నాకైతే ఇది పిల్లలకు మేలు చేయదనిపిస్తుంది. క్వాంటం సైన్స్‌కు పునాది వేసినవాళ్లలో ఒకడైన ష్రోడింగర్ వేదాంతం ఇష్టంగా చదివాడు, అది నిజం. 1926లో ఆయన రాసిన సమీకరణం మాత్రం డి బ్రోయి చెప్పిన పదార్థ తరంగాల దారిలోంచి వచ్చింది. ఈ రెండూ కలిపేస్తే, రేపు ఆ పిల్ల కాలేజీలో అసలు చరిత్ర చదివినప్పుడు మన మాట మీద నమ్మకం పోతుంది. చెప్పుకోవడానికి మనకు గట్టివి లేవా? 1924లో ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ ఫోటాన్ల లెక్క మీద రాసిన తన పేపరు నేరుగా ఐన్‌స్టీన్‌కే పంపించాడు, ఐన్‌స్టీన్ దాన్ని జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ చూసిన వెలుగు మార్పు, కాంతి శక్తి ముక్కలుగా మారుతుందనే మాటకు బలమైన సాక్ష్యం. వీటికి తేదీలున్నాయి, కాగితాలున్నాయి, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. అన్నతో వాదన పెట్టుకోలేదు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను, మామ ఆయనకు రామన్ కథ చెప్పాడు. శ్రద్ధగానే విన్నాడు.

ఆ సెలవుల్లో ఊరిని కొంచెం వేరేగా తిరిగాం. కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి ఎటూ ఉంటాయి. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో చిన్నోడు మధ్యాహ్నం దాకా కదల్లేదు. పాకాల వైపు గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్‌కు 1,024 యాంటెన్నాలు, వరసకు 32 చొప్పున 32 వరసలు. లేజర్ వెలుగును ఆకాశంలోకి పంపి తిరిగొచ్చేదాన్ని కొలిచే లైడార్ కూడా ఉంది. లేజరే క్వాంటం బిడ్డ. దానికి పునాది 1917లో ఐన్‌స్టీన్ వేశాడు. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. 2023 మే 29న అక్కడి నుంచి పోయిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మన దేశంలోనే తయారైన రుబీడియం అణు గడియారం ఉంది. పరమాణువులో ఎలక్ట్రాన్ స్థితి మారేటప్పుడు వచ్చే ఖచ్చితమైన పౌనఃపున్యాన్ని పట్టుకుని టైము చెప్పే గడియారం అది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. కాళహస్తికి పోయేటప్పుడు కారులోంచి బోర్డులు చూపించాను, అంతే. పిల్లలకు అప్పటికే ఆకలి.

చిత్తూరులో మా మామగారి ఇంట్లో సంగతి వేరు. అక్కడ రాగి సంగటి, ఊరిబిండి ముందు కూర్చోగానే అమరావతి క్వాంటం వ్యాలీ వచ్చేసింది. ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్ లెక్కలకు వాడే బిట్లు) ప్రాసెసర్ ఉన్న క్వాంటం కంప్యూటర్ పెడతామని 2025 మేలో ప్రకటన వచ్చింది కదా, బంధువులందరికీ అదే టెన్షన్: "పాప ఏ కోర్సు తీసుకుంటే అక్కడ ఉద్యోగమొస్తుంది?" పాపకు ఇంకా పద్నాలుగు నిండలేదు. దేశం మొత్తానికి జాతీయ క్వాంటం మిషన్ 2023లో 6,003.65 కోట్లతో మొదలైందని మా ఆయన చెబితే, ఆ అంకె విని అందరూ ఒక్క క్షణం తినడం ఆపారు. నవ్వొచ్చింది. అయినా చిత్తూరులో కూర్చున్న తాత, మనవరాలు ఇక్కడికి తిరిగి వచ్చి పనిచేయొచ్చు అని ఊహించడం నాకు బాగుంది. మా తరం వెళ్లేటప్పుడు ఆ ఊహ ఒకవైపే నడిచేది.

వెళ్లే ముందు మామ ఇంకో పని అప్పగించాడు. వినాయక చవితి మండపాలకు సీరియల్ లైట్లు కడుతున్న రోజులవి. ఎరుపు, పచ్చ, నీలం బల్బులు వెలగడానికి వేర్వేరు వోల్టేజీ ఎందుకు కావాలో కనిపెట్టమన్నాడు. ఎల్ఈడీ వెలగడం మొదలుపెట్టే వోల్టేజీని కొలిచి, దాని రంగు తరంగదైర్ఘ్యంతో కలిపి లెక్క కడితే, ఫోటాన్ శక్తికీ దాని పౌనఃపున్యానికీ లంకె చెప్పే ప్లాంక్ స్థిరాంకం దగ్గర దగ్గరగా వచ్చేస్తుంది. ఒక మల్టీమీటర్, తిప్పే రెసిస్టర్, బ్యాటరీ ఉంటే చాలు. ఎరుపుకు 1.8 వోల్టుల చుట్టుపక్కల, నీలానికి 2.6 పైన.

ఎనిమిదో తరగతి అమ్మాయీ మా అమ్మాయీ ఇప్పుడు ఆ అంకెలు ఫోన్లో పంపించుకుంటున్నారు. ఏప్రిల్ 14 లోపల ఎవరి విలువ అసలుదానికి దగ్గరగా వస్తుందో చూడాలని పందెం. ఆ రోజు ప్రపంచ క్వాంటం దినోత్సవం, 2022 నుంచి దేశదేశాల్లో జరుపుతున్నారు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ వోల్ట్ సెకన్లలో రాస్తే మొదట వచ్చే అంకెలు, దగ్గరికి సవరిస్తే, 4.14, అందుకే ఏప్రిల్ పద్నాలుగు. "మేము తేదీని 14/4 అని రాస్తాం, మాకెట్లా కుదురుతుంది?" అని తిరుపతి నుంచి అభ్యంతరం వచ్చింది. అంబేద్కర్ జయంతి, చిత్తూరు వైపు తమిళ ఇళ్లలో సంవత్సరాది కూడా అదే రోజు. సెలవే కాబట్టి డాబా మీద పిల్లలు ఎక్కువమంది వస్తారని మామ సంబరం.

ప్రస్తుతానికి పచ్చ బల్బు దగ్గర గొడవ నడుస్తోంది. మామ పాత డబ్బాలోంచి తీసిన పచ్చది రెండు వోల్టులకే వెలిగిపోతోంది, ఇక్కడ కిట్‌లో వచ్చినది ఇంకా ఎక్కువ అడుగుతోంది. పాతవీ కొత్తవీ వేరే పదార్థంతో చేస్తారు, రంగులో కూడా కొంచెం తేడా ఉంటుందని మామ చెప్పి చూశాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. నీ మీటరే తప్పు అని ఇది ఇంగ్లీషులో, నీ బల్బే తప్పక్కా అని అది తెలుగులో. నిన్న రాత్రి వచ్చిన వాయిస్ మెసేజ్‌లో మాత్రం మా అమ్మాయే "ఇంకోసారి కొలిచి చెప్పు మే, అప్పుడు చూద్దాం" అనింది.