బాండెడ్ టైటిల్ చిట్టా: యమహా ఆర్‌డీ 350 ఫ్రేము నంబరు, తిరిగి వచ్చిన బాండు

కౌంటీ ట్యాక్స్ ఆఫీసు కౌంటరులో నా బాండును మళ్ళీ తిప్పి ఇచ్చారు. యాజమాన్య పత్రం (టైటిల్) లేని బండికి, అసలు యజమాని ఎవరైనా వస్తే నష్టం చెల్లిస్తామని ఒక సంస్థ రాసిచ్చే హామీ (బాండు) మీద రాష్ట్రం ఇచ్చే టైటిలే బాండెడ్ టైటిల్. బండి తిరుగుతోంది, బాండు ఎంతకు కావాలో చెబుతూ డీఎంవీ (రాష్ట్ర మోటారు వాహనాల శాఖ) ఇచ్చిన నిర్ణయ పత్రం చేతిలో ఉంది, బాండు ప్రీమియం కట్టడం కూడా అయిపోయింది. అయినా ఫ్రేము నంబరు ఒకసారి, మోడల్ సంవత్సరం మరోసారి బాండు మీద తప్పుగా అచ్చవడంతో 1974 నాటి ఈ యమహా ఆర్‌డీ 350 కాగితాల లెక్కలో ఇంకా నాది కాలేదు. ఇంజను విప్పి బిగించడానికి పడ్డ శ్రమ కంటే ఈ ఒక్క నంబరు కోసం పడుతున్న శ్రమే ఎక్కువగా ఉంది కాబట్టి, టెక్సస్‌లో 1981కి ముందరి మోటారు సైకిలుకు బాండెడ్ టైటిల్ తీసుకోదలచిన వారికి ఉపయోగపడేలా ఈసారి చిట్టా అంతా దాని గురించే రాస్తున్నాను.

బండి వైపు విశేషాలు క్లుప్తంగా చెబుతాను. క్రాంకు సీళ్ళు మార్చాను, కార్బ్యురేటర్లు శుభ్రమయ్యాయి, రీడ్ వాల్వులు బాగున్నాయి, ఇప్పుడు రెండో కిక్కుకే అందుకుంటోంది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి లైసెన్సు మీద తయారుచేసిన రాజ్‌దూత్ 350 చప్పుడు వింటూ పెరిగిన వాళ్ళకు ఈ 347 సీసీ జంట సిలిండర్ల టూ స్ట్రోకు మీద మమకారం ఎందుకో వివరించనవసరం లేదు. రాజ్‌దూత్‌కు ముందు డ్రమ్ము బ్రేకు ఇచ్చారు, దీనికి డిస్కు ఉంది; ఆ తేడా ఒక్కటే చాలు, ఈ బండిని విడిభాగాలుగా అమ్మేయకుండా టైటిల్ కోసం పోరాడటానికి.

అమ్మిన వారి దగ్గర ఉన్నది చేతిరాత బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు రసీదు) మాత్రమే. టైటిల్ ఎవరి పేరున ఉండేదో వారికి తెలియదు, టెక్సస్ రికార్డుల్లో ఆ నంబరుతో వివరమేదీ దొరకలేదు. అందువల్ల వీటీఆర్-130-ఎస్‌ఓఎఫ్ దరఖాస్తు, బిల్ ఆఫ్ సేల్, 15 డాలర్ల రుసుము, విలువ అంచనా పత్రం, వీటితో పాటు వాహన దొంగతనాల విభాగం అధికారి బండిని స్వయంగా చూసి నింపే వీటీఆర్-68-ఎ తనిఖీ పత్రం కావలసి వచ్చాయి. బాండు మొత్తం వాహనం విలువకు ఒకటిన్నర రెట్లు. ఇరవై అయిదేళ్ళు దాటిన బండికి డీలరు ఎంత తక్కువ విలువ కట్టినా 4,000 డాలర్ల కంటే తక్కువగా లెక్కించరు. నా బండికి 2,800 అని అంచనా వచ్చింది కాబట్టి 4,000 మీద ఒకటిన్నర రెట్లు, అంటే 6,000 డాలర్ల బాండు పడింది. దానికి నేను కట్టిన ప్రీమియం 100 డాలర్లు. ఈ బాండు మనకు బీమా కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. రేపు అసలు యజమాని ఎవరైనా ముందుకు వచ్చి హక్కు నిరూపించుకుంటే బాండు రాసిచ్చిన ష్యూరిటీ సంస్థ ఆయనకు చెల్లించి, ఆ సొమ్మును మన దగ్గర వసూలు చేసుకుంటుంది.

ఇక అసలు చిక్కు. ఆర్‌డీ 350 ఫ్రేము నంబరు 351తో మొదలై, ఒక అడ్డగీత తరువాత మరో ఆరు అంకెలతో ముగుస్తుంది. అది హ్యాండిల్ తిరిగే మెడ మీద గుద్ది ఉంటుంది. నా బండిలో ఆ చోట కంపెనీ రంగు, దాని మీద నల్ల స్ప్రే, ఆపైన ఎవరో కుంచెతో పూసిన ఎరుపు, వీటన్నిటి కిందా తుప్పు. అంకెల ఎత్తు వెర్నియర్‌తో కొలిస్తే సుమారు 6 మి.మీ. ఉంది. ఎనిమిది అంకెలు స్పష్టంగా బయటపడ్డాయి. అయిదో అంకె మాత్రం 3, 8, 9లలో ఏదైనా కావచ్చు అన్నట్టు కనిపించింది. అక్కడ గరుకు కాగితం గానీ గ్రైండరు గానీ ముట్టించకూడదు. గుర్తింపు నంబరును చెరపడం టెక్సస్ శిక్షాస్మృతి ప్రకారం నేరం. ఆ ఉద్దేశం మనకు లేకపోయినా, అరిగిన లోహాన్ని చూసిన అధికారికి అనుమానం రావడం సహజం.

కాబట్టి సిట్రిస్ట్రిప్ అనే రంగు ఊడదీసే మందును (స్ట్రిప్పరును) పలుచగా పూసి, ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా వదిలేశాను. ఘాటైన స్ట్రిప్పర్లు దీనికంటే త్వరగా పని చేస్తాయి గానీ, ఇంత చిన్న చోట నిదానంగా పనిచేసే మందే మేలని నా అభిప్రాయం. మెత్తబడిన రంగును చెక్కపుల్లతో తీసి, ఇత్తడి బ్రష్షుతో మాత్రమే తోమాను. తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందులు వాడితే లోహం నల్లబడి, గుద్దిన గీతకూ తుప్పు గుంటకూ తేడా తెలియకుండా పోతుంది. తుప్పు తీసే ఎవాపో-రస్ట్ జెల్ ఆమ్లం కాదు, ఉక్కును తినదు, అందుకే దానినే నమ్మాను. తరువాత గది చీకటి చేసి టార్చిని దాదాపు లోహానికి ఆనించి పక్క నుంచి వెలుగు వేసి ఫొటోలు తీశాను, పలుచని కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీశాను. నంబరు మొదట్లోనే ఒక 3 ఉండటం ఇక్కడ కలిసివచ్చింది. దాని వెడల్పు 3.2 మి.మీ., ఎడమ కొసలు కోసినట్టు ఆగిపోతాయి. అనుమానపు అంకె వెడల్పు 3.6 మి.మీ., పై ఎడమ వంపు మూసుకుని ఉంది. దానితో 3 కాదని తేలింది. జెల్ మరోసారి పూసి తుడిచాక కింది ఎడమ వంపు కూడా సన్నగా కనిపించడంతో 9 కూడా తొలగిపోయింది. ఆ కాలపు యమహాలలో ఇంజను మీదా ఫ్రేము మీదా ఒకే నంబరు గుద్దేవారు. ఈ బండి క్రాంకు కేసు మీద ఆ చోట 8 తిరుగులేకుండా ఉంది. వచ్చిన అధికారి పెన్సిలు అచ్చునూ ఇంజను నంబరునూ పక్కపక్కన పెట్టి చూసి, 8 అనే రాశారు.

డీఎంవీ ఇచ్చిన నిర్ణయ పత్రంలో ఆ తొమ్మిది అంకెలు సరిగ్గానే వచ్చాయి. తప్పు బాండు దగ్గర మొదలయింది. నేను ఆన్‌లైన్‌లో ఎంచుకున్న సంస్థ దరఖాస్తు పదిహేడు అక్షరాలు నింపితే తప్ప ముందుకు కదలదు. పదిహేడు అక్షరాల ఒకే పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ళతో వచ్చింది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఫోన్ చేసి అడిగితే తామే సరిచేస్తామని చెప్పి, నంబరుకు ముందు ఎనిమిది సున్నాలు చేర్చి బాండు పంపారు. కౌంటరులో నిర్ణయ పత్రాన్నీ బాండునూ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకే వాహనానివని తాము చెప్పలేమని తిప్పి ఇచ్చారు. వారి మాటలో న్యాయం ఉంది. బాండు ఏ వాహనానికి కట్టుబడి ఉందో చెప్పేది ఆ నంబరే కదా. సరిచేసిన ప్రతి వచ్చింది, సున్నాలు పోయాయి, కానీ మోడల్ సంవత్సరం 1981 అని పడింది. ఆ సంస్థ జాబితాలో 1981 కంటే వెనుకటి సంవత్సరమే లేదని నా ఊహ. అది కూడా తిరిగి వచ్చింది.

ఇందులో గడువులు కూడా ఉన్నాయి. నిర్ణయ పత్రం తేదీ నుంచి ఏడాది లోపల బాండు కొనాలి, కొన్న నాటి నుంచి 30 రోజుల లోపల కౌంటీలో టైటిల్‌కు దరఖాస్తు పెట్టాలి. పాత బాండుకు సవరణ పత్రం అతికిస్తే మొదటి తేదీయే నిలిచి, 30 రోజులు కరిగిపోతాయి. కొత్త తేదీతో కొత్త బాండు తీసుకుంటే లెక్క మొదటికి వస్తుంది. అందువల్ల సవరణ వద్దని చెప్పి, పాతదానిని రద్దు చేయించుకుని, ఊళ్ళోనే ఉన్న ఒక చిన్న బీమా ఏజెంటు దగ్గరకు వెళ్ళాను. ఆయన డీఎంవీ వారి వీటీఆర్-130-ఎస్‌బీ బాండు పత్రాన్ని చేత్తో టైపు చేసి, సంతకానికి ముందే నాకు చూపించారు. నంబరు, సంవత్సరం, తయారీదారు పేరు, నా పేరు అన్నీ నిర్ణయ పత్రంతో ఒక్కో అక్షరం పోల్చి చూశాను. 351 తరువాతి అడ్డగీత నిర్ణయ పత్రంలో లేదు కాబట్టి, ఫ్రేము మీద ఉన్నా బాండులో వద్దన్నాను. ష్యూరిటీ సంస్థ ముద్ర, పవర్ ఆఫ్ అటార్నీ జతచేసిన అసలు ప్రతి కోసం ఎదురుచూస్తున్నాను. పాత బండ్ల విషయంలో ఆన్‌లైన్ సంస్థల వేగానికి విలువ లేదని, మనిషి కూర్చుని టైపు చేసే ఆఫీసే నయమని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

వెర్మాంట్ రాష్ట్రం దారి గురించి కొందరు మిత్రులు అడుగుతున్నారు. పదిహేనేళ్ళు దాటిన బండిని టైటిల్ లేకుండానే బయటి రాష్ట్రం వాళ్ళు పోస్టు ద్వారా అక్కడ రిజిస్టరు చేసుకునే ఆ వెసులుబాటు 2023లో బిగిసిపోయింది. అది తెరిచి ఉన్న రోజుల్లోనూ నాకు నచ్చలేదు. సొంత రాష్ట్రపు టైటిల్ మీద మూడేళ్ళు బాండు గుర్తు ఉన్నా, ఆ తరువాత మచ్చ లేని టైటిల్ చేతికి వస్తుంది.

కొత్త బాండు రాగానే టైటిల్ దరఖాస్తు పత్రం 130-యు నింపి, 6.25 శాతం అమ్మకపు పన్ను, టైటిల్ రుసుము కట్టేస్తాను. నంబరు ప్లేటు విషయంలో యాంటిక్ ప్లేటా, మామూలు ప్లేటా అని ఆలోచించాను. యాంటిక్ ప్లేటు అయిదేళ్ళకు ఒకసారి కడితే చాలు గానీ, బండిని ప్రదర్శనలకూ క్లబ్బు కార్యక్రమాలకూ ఊరేగింపులకూ పరిమితం చేస్తుంది. ఆదివారాలు నడపడానికి తెచ్చుకున్న బండి కాబట్టి మామూలు ప్లేటే తీసుకుంటాను. ఈలోగా మెడ మీద నంబరు చోట పారదర్శకమైన పూత మాత్రం వేసి, మిగతా ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేయించేటప్పుడు ఆ భాగాన్ని వేడికి తట్టుకునే టేపుతో కప్పమని చెప్పాలి. ఆటోల్యూబ్ పంపు కేబులు సర్దుబాటు, పాయింట్ల టైమింగు ఆ తరువాత. షెడ్డులో చోటు దొరికితే పక్క కౌంటీలో టైటిల్ లేకుండా ఉన్న సుజుకీ జీటీ380 ఒకటి చూసి ఉంచాను. దాని ఫ్రేము నంబరు పెన్సిలు అచ్చు ముందు తెచ్చుకుని, రికార్డు వెతికించి, ఆపైనే ధర మాట్లాడతాను.