మెరక

ఆదివారం కదా, ఆలస్యంగా లేద్దామనుకుంటే తెల్లారకుండానే పక్క స్థలంలోకి మట్టి ట్రాక్టర్లు దిగాయి. భీమవరం శివార్లలో ఇల్లు కట్టాలంటే ముందు మట్టి పోసి స్థలం మెరక చెయ్యాల్సిందే. మా కాలనీ అంతా ఒకప్పుడు వరిచేలు. మెరక చెయ్యకపోతే వానాకాలంలో కప్పలతో కాపురం.

ఆ స్థలం మూల పెద్ద వేపచెట్టు ఉంది. చేనిగట్టు మీదప్పటి చెట్టు, మా అందరికంటే ముందు వచ్చింది. దాని మొదట్లో కూడా మట్టి దింపుతుంటే వెళ్ళాను. ఓనరుగారు మంచి మనిషి, ముందు టీ తెప్పించారు.

"కొట్టించేద్దామనుకున్నానండీ. పర్మిషన్ కావాలన్నారు. మన స్థలంలో మన చెట్టుకి పర్మిషనేంటండీ! ఎందుకొచ్చిన గొడవని ఉంచేశాను."

ఆ పర్మిషన్ 2002 నాటి వాల్టా చట్టం పుణ్యం. నీరు, భూమి, చెట్టు మూడింటికీ కలిపి చేసిన చట్టం అది. సొంత స్థలంలో చెట్టయినా సరే కొట్టాలంటే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. సరుగుడు, జామాయిలు, సుబాబుల్ లాంటి తోటలకి మినహాయింపు ఉంది. ఈ తతంగం చూసి విసిగిపోయి చాలామంది చెట్టు జోలికి వెళ్ళరు. నన్నడిగితే ఆ విసుగే సగం చెట్లను కాపాడుతోంది.

కానీ మట్టి పోయడానికి ఎవరు దరఖాస్తు పెడతారు? చెట్టుకి నీళ్ళు తాగే సన్నవేళ్ళు ఎక్కువగా పైపొరలోనే, అడుగున్నర రెండడుగుల లోతులోపే ఉంటాయి. వాటికి గాలి ఆడాలి. పైన మూడడుగుల మట్టి పోసి తొక్కించేస్తే ఊపిరాడదు. వెంటనే ఏమీ తెలియదు, అదే చిక్కు. రెండు మూడేళ్ళకి ఆకు పలచబడి, కొమ్మలు చివర్లనుంచి ఎండుకొస్తాయి. అప్పుడు "చీడ పట్టిందండీ" అంటారు. మా వీధి చివరి మామిడి అలాగే పోయింది. సిమెంటుదీ ఇదే కథ. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించాల్సి వచ్చింది. ఇక్కడ మా వీధిలో ఇంటి ముందు టైల్స్ కానుగ మొదలుని ఆనుకునే ఉన్నాయి.

ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన చెట్టు, కొవ్వూరు దగ్గర కుమారదేవం సినిమా చెట్టు, 2024 ఆగస్టులో కూలినప్పుడు గోదావరి జిల్లాల్లో బాధపడనివాళ్ళు లేరు. దాన్ని మళ్ళీ చిగురింపజెయ్యడానికి పూనుకున్నవాళ్ళూ ఉన్నారు. మట్టిలో కూరుకుపోయే చెట్టుకి ఆ యోగం లేదు, పేపర్లో ఫొటో పడదు.

ఇదంతా ఓనరుగారికి ఇంత పొడుగ్గా చెప్పలేదులెండి. "చుట్టూ కొంత జాగా వదిలి ఇటుక గోడ కట్టించండి, లోపల మట్టి పడకుండా" అన్నాను. మేస్త్రీని పిలిచారు. ఎంత వదలాలని అడిగాడతను. కొమ్మల నీడ పడినంత మేర అన్నాను. "అయితే ఇల్లెక్కడ కట్టాలండీ?" అన్నారు ఓనరుగారు నవ్వుతూ. నిజమే, అది రెండున్నర సెంట్ల స్థలం.

బేరం నాలుగడుగుల దగ్గర తెగింది. చాలదు. అయినా మొదట్లో దింపిన మట్టి సాయంత్రానికి తీయించేశారు. ఇటుకలు మంగళవారం వస్తాయట.