నాన్న పోయాక బేకరీ కాగితాలు: నా అనుభవం

మాది గుంటూరు జిల్లాలో ఒక మున్సిపల్ పట్నం. ఆసుపత్రికి ఎదురుగా మా బేకరీ. నాన్న పెట్టింది. 2023 సెప్టెంబరు చివర్లో ఆయన గుండెపోటుతో పోయారు. షాపు మూతపడకుండా కాగితాలన్నీ నా పేరుకు మార్చుకునేసరికి డిసెంబరు వచ్చేసింది. ఇలాంటి కష్టంలో ఉన్న ఇంకో కుటుంబానికి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మన ఊళ్లలో టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, స్వీటు షాపులు, బేకరీలు చాలావరకు ఒక్క మనిషి పేరు మీదే నడుస్తాయి. చాకిరీ ఇంటిల్లిపాదీ చేస్తారు. మా ఇంట్లో అమ్మ ముప్పై ఏళ్లు కౌంటర్‌లో కూర్చుంది. నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుని వచ్చి రాత్రి లెక్కలు చూసేదాన్ని. అయినా కాగితాల్లో మేమెవ్వరం లేము. జీఎస్టీ నాన్న పాన్ మీద, ఫుడ్ లైసెన్స్ నాన్న ఆధార్ మీద, అద్దె అగ్రిమెంటు, బ్యాంకులో కరెంట్ అకౌంటు, గ్యాస్ అన్నీ ఆయన పేరే. ఆయనతోపాటు అవన్నీ ఒక్కరోజులో ఆగిపోయే స్థితికి వచ్చాయి.

పెద్దకర్మ అయిన మర్నాడే షాపు తీశాం. ఊళ్లో ఎవరేమనుకుంటారోనన్న బెంగ అమ్మకు లేదు. "రోగులకు బ్రెడ్డు ఎక్కణ్నుంచి వస్తుందే? ఆ ఎదురు టీ కొట్టతను పదకొండు రోజులూ పక్క ఊరినుంచి బన్నులు తెచ్చుకున్నాడు" అంది. ఆసుపత్రి ఎదుట బేకరీ అంటే అంతే. తెల్లవారకముందే ఫ్లాస్కు పట్టుకుని పల్లెలనుంచి వచ్చిన వాళ్లు నిలబడి ఉంటారు. ఆపరేషనైన మనిషికి డాక్టరు పాలూ బ్రెడ్డూ పెట్టమన్నాడంటే వాళ్లు వచ్చేది మా దగ్గరికే. చేతిలో డబ్బుల్లేని వాళ్లకు నాన్న ఎప్పుడూ లేదనలేదు. అలాంటివి రాసుకోవడానికి ఆయనకు విడిగా ఒక పుస్తకం ఉండేది. అందులో పేర్లుండవు, "3వ వార్డు ముసలాయన", "కాన్పు, పెదపాలెం" అని ఉంటాయి. ఆ పుస్తకం ఇప్పటికీ వసూలు చేయలేదు, చేయం కూడా.

మొదట చెప్పాల్సింది ఫోన్ గురించి. పోయినవాళ్ల సిమ్ దయచేసి తీసేయకండి. రీఛార్జ్ చేయించి ఛార్జింగులో పెట్టుకోండి. జీఎస్టీ పోర్టల్‌కైనా, ఫుడ్ లైసెన్స్ ఉండే ఫాస్కాస్ పోర్టల్‌కైనా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. నాన్న ఫోన్ నా దగ్గరే ఉంచుకున్నాను. ఓటీపీలతోపాటు ఆర్డర్లూ వచ్చేవి. "బాబాయ్, మా పాప పుట్టినరోజు, పోయినేడు చేసినట్టే కిలో కూల్ కేక్, పైన చెర్రీలెక్కువ" అని అవతలి మనిషి చెప్పుకుపోతుంటే, మధ్యలో ఆపి విషయం చెప్పాల్సి వచ్చేది. కాసేపు మాట లేకుండా ఉండి, చాలామంది "సరే అక్కా, కేకు మాత్రం మీరే చేయండి" అనేవారు. ఆ మాటలే నన్ను ఆఫీసుల చుట్టూ తిప్పాయి.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోయారు కాబట్టి అది ఇబ్బంది కాలేదు. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసుకోండి, ప్రతిచోటా అడుగుతారు. తర్వాతది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడితే విచారణ చేసి తహసీల్దారు ఇస్తారు. విచారణకు వచ్చినప్పుడు ఇరుగుపొరుగు సాక్షులు కావాలి. టీ కొట్టతనూ, పక్కన టైలరింగ్ షాపు మస్తానన్నగా మేం పిలిచే పెద్దాయనా కొట్లు వదిలేసి వచ్చి సంతకాలు పెట్టారు.

చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఫుడ్ లైసెన్స్‌లో నాన్న పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. డెత్ సర్టిఫికెట్‌లో చివర "రావు" లేదు. మనకు ముగ్గురూ ఒక్కరేనని తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఈ టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి స్టాంపు పేపరు మీద ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాం. అమ్మా, తమ్ముడూ బేకరీ నా పేరుకు మారడానికి అభ్యంతరం లేదని ఇంకో అఫిడవిట్ ఇచ్చారు. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం. ఒక్క మాట ఎదురు చెప్పకుండా సెలవు పెట్టుకుని వచ్చి సంతకం చేసి వెళ్లాడు. ఇంట్లో మాట కుదరకపోతే ఏ ఆఫీసూ ఏమీ చేయలేదు, కాబట్టి ఆ పని ముందు తేల్చుకోండి.

ఫుడ్ లైసెన్స్ విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఫుడ్ లైసెన్సులు చూసే కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం, లైసెన్స్‌దారు చనిపోతే ఆ లైసెన్స్ 90 రోజులపాటు వారసులకు చెల్లుతుంది. ఆ గడువులోపు వారసులు తమ పేరుకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి. మాకు తెలిసినవాళ్లు కొందరు "పాతది వదిలేసి కొత్తది తీసుకో, షాపు అప్పటిదాకా మూసెయ్" అన్నారు. డిసెంబరు ముందు షాపు మూసుకోవడమంటే మా బేకరీ ఇక లేచేది కాదు. ఆ 90 రోజుల నిబంధన నాకు దొరకడం మా అదృష్టం. ఫాస్కాస్‌లోనే ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు ఉంది. డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల పత్రం, అఫిడవిట్లు, కొత్త అద్దె అగ్రిమెంటు అప్‌లోడ్ చేశాను.

తనిఖీకి అధికారి వస్తారన్నప్పుడు మా మాస్టర్, అంటే బేకరీలో బట్టీ పని చూసే ఆయన, నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. ఆయనది కర్ణాటకలో హాసన్ వైపు. మన ఊళ్లలో అయ్యంగార్ బేకరీ అని బోర్డులున్న చాలా షాపుల వెనక ఉన్నది ఆ ప్రాంతపు పనితనమే. మాది ఇటుకల బట్టీ. అర్ధరాత్రి లోపల కట్టెలు మండించి, ఇటుకలు బాగా కాగాక నిప్పులన్నీ బయటికి లాగేసి, తడి గోనెతో లోపల గచ్చు తుడుస్తారు. ఆ తర్వాత మంట ఉండదు. ఇటుకల్లో మిగిలిన వేడికే ముందు బ్రెడ్డు, తర్వాత బన్నులు, వేడి తగ్గేకొద్దీ బిస్కెట్లు, చివరికి రస్కులు కాలతాయి. ఎప్పుడు ఏ ట్రే పెట్టాలో మాస్టర్ లోపల చెయ్యి పెట్టి చూసి చెబుతాడు. దాన్ని మార్చమంటారేమోనని ఆయన భయం.

వచ్చిన అధికారి బట్టీ జోలికి పోలేదు. నీళ్ల పరీక్ష రిపోర్టు, పనివాళ్ల మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు అడిగారు. వాడే కొవ్వు డబ్బాల బిల్లులు చూశారు. ఎందుకంటే 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదు. పాతకాలపు డాల్డా పద్ధతి ఇక కుదరదు. బ్రెడ్డు బాగా పొంగడానికి ఒకప్పుడు కలిపే పొటాషియం బ్రోమేట్ కలుపుతారా అని కూడా అడిగారు. దాన్ని 2016లోనే నిషేధించారు. నాన్న ఆ ఏడాదే మానేయడమే కాదు, ఈస్ట్, ఇంప్రూవర్ బిల్లులన్నీ ఒక ఫైల్లో కుట్టి పెట్టారు. ఆ ఫైలు తీసి చూపించినప్పుడు నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. రోగులు తినేది కాబట్టి ఆయన అంత జాగ్రత్తగా ఉండేవారు. ఆ జాగ్రత్తే ఇప్పుడు మమ్మల్ని కాపాడింది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ పేరు మారదు, ఎందుకంటే పాన్ మారింది. వారసురాలిగా నేను కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, దానికి 30 రోజుల్లోపు అప్లై చేయాలి. దరఖాస్తులో కారణం అడిగిన చోట ప్రొప్రయిటర్ మరణం అనే ఆప్షన్ ఉంటుంది, అదే ఎంచుకోండి. పాతది రద్దు చేయమని వారసులే దరఖాస్తు పెట్టాలి. మేము కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల జీఎస్టీ స్కీములో ఉన్నాం. అంటే తయారీదారులకు అమ్మకాల మీద 1 శాతం, అదీ మన జేబులోంచి, బిల్లులో వసూలు చేయకూడదు. కాంపోజిషన్‌లో ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవడం) లేదు కాబట్టి ఆ బదిలీ తలనొప్పి తప్పింది. మామూలు స్కీములో ఉన్నవాళ్లు మాత్రం ఐటీసీ-02 ఫారం వేసి క్రెడిట్‌ను కొత్త నంబరుకు మార్చుకోవాలి, లేకపోతే ఆ డబ్బు పోయినట్టే. నాన్న హయాంలోని జులై–సెప్టెంబరు త్రైమాసికం పన్ను అక్టోబరు 18లోపు ఆయన నంబరు మీదే కట్టేశాం. పాత బాకీలకు వ్యాపారం కొనసాగించే వారసులదే బాధ్యత.

బ్యాంకు పని అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది. అకౌంటు ఆపేస్తారని తెలుసు, అది వాళ్ల నియమం. కానీ కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ స్టిక్కరు కూడా ఆ అకౌంటుదే కదా. ఇప్పుడు పఫ్ కొనుక్కునే కాలేజీ పిల్లల దగ్గర చిల్లర ఉండదు. కొత్త అకౌంటుకు జీఎస్టీ కావాలన్నారు, జీఎస్టీ అప్పటికి రాలేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు, దానితో వేరే బ్యాంకులో అకౌంటు ఇచ్చారు. ఈలోగా కొన్నాళ్లు పిల్లలు "రేపిస్తాం ఆంటీ" అని తీసుకెళ్లారు. దాదాపు అందరూ తెచ్చిచ్చారు. పాత అకౌంటులో అమ్మ నామినీగా ఉండటంతో ఆ డబ్బు పెద్దగా తిరక్కుండానే వచ్చింది.

మైదా వ్యాపారికి నాన్న ముందుగా రాసిచ్చిన చెక్కు ఒకటుంది. ఇక చెల్లదు. ఆయనకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే ఆయనే షాపుకొచ్చి చెక్కు నా చేతిలో పెట్టారు. "అమ్మాయ్, డిసెంబరు సరుకు కూడా వేస్తున్నా. సీజన్ అయ్యాక చూసుకుందాం. మీ నాన్న నా దగ్గర ఒక్క వాయిదా తప్పలేదు" అన్నారు. షాపు ఓనరు గారు కూడా అద్దె పెంచకుండా అగ్రిమెంటు నా పేరుకు రాసిచ్చారు. కరెంటు బిల్లు ఆయన పేరు మీద ఉంది కాబట్టి సమ్మతి లేఖ కూడా ఇచ్చారు. ఇవి లేకపోతే జీఎస్టీలో అడ్రస్ రుజువు దగ్గరే ఆగిపోయేదాన్ని. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కమర్షియల్ గ్యాస్ మార్పు పెద్దగా కష్టం లేకుండా అయ్యాయి.

ఫుడ్ లైసెన్స్ నా పేరు మీద క్రిస్మస్‌కు ముందే వచ్చింది. ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, నాన్న ఫొటో పక్కన కాకుండా, నిబంధన ప్రకారం కొనేవాళ్లకు కనపడేలా కౌంటర్ దగ్గర పెట్టాను. చర్చిల ప్లం కేకు ఆర్డర్లన్నీ ఎప్పటిలాగే మాకే వచ్చాయి. డిసెంబరు 31న మన ఊళ్లలో బేకరీల సంగతి తెలిసిందే. షాపు ముందు షామియానా, బల్లల నిండా కేకులు, అర్ధరాత్రి దాకా జనం. ఆసుపత్రి నర్సులు డ్యూటీ దిగుతూ వచ్చి ముందే చెప్పిపెట్టిన కేకులు తీసుకెళ్లారు. టైలరింగ్ షాపు పెద్దాయన డబ్బాలకు దారం కడుతూ కూర్చున్నారు, అడగకుండానే.

జనవరి మొదటి వారంలో మైదా బాకీ తీర్చాం. 18వ తేదీలోపు నా నంబరు మీద మొదటిసారి త్రైమాసికం పన్ను సీఎంపీ-08లో (కాంపోజిషన్ వాళ్ల పన్ను ఫారం) కట్టాను. కొత్త అకౌంటుకు అమ్మను నామినీగా పెట్టాను. లైసెన్స్‌లో, ఆధార్‌లో, పాన్‌లో నా పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందో లేదో మూడూ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాను. మీ ఇంట్లో షాపు ఎవరి పేరు మీదుందో, వాళ్లవీ ఈ వారమే ఒకసారి అలా సరిచూడండి.